వినడం నేర్పేదెవరు? డీఅడిక్షన్ కౌన్సెలర్ల శిక్షణలో అసలు లోటు

తెలుగు పేపర్లలో కౌన్సెలింగ్ అనే మాట ఎక్కువగా మూడు చోట్ల కనిపిస్తుంది. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, ర్యాంకులు వచ్చాక ఇంజనీరింగ్ సీట్లు కేటాయించే చోట ఒకటి. రౌడీషీటర్లను స్టేషన్‌కి పిలిపించి వరసగా నిలబెట్టి సీఐ గారు మాట్లాడే చోట ఇంకొకటి. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినవాళ్లను ఇంట్లోవాళ్లతో సహా రమ్మని, ట్రాఫిక్ పోలీసులు యాక్సిడెంట్ వీడియోలు చూపించే చోట మరొకటి. మూడింటిలోనూ ఎదుటి మనిషి నోరు విప్పాల్సిన పని పెద్దగా ఉండదు. చెప్పేవాళ్లు చెప్తారు, వినేవాళ్లు తలూపుతారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు.

డీఅడిక్షన్ సెంటర్‌లో మొదటిసారి కౌన్సెలర్‌గా చేరే పాతికేళ్ల కుర్రాడికో అమ్మాయికో ఈ మాటకు తెలిసిన అర్థం ఇదే. తాగితే లివర్ ఎలా పాడవుతుందో, పిల్లల చదువులు ఎలా చెడిపోతాయో వివరంగా చెప్పి, మానేయమని నచ్చజెప్పడమే ఉద్యోగం అనుకుని వస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ సంగతులన్నీ వాళ్లకన్నా బాగా తెలుసు. భార్య చెప్పింది, తల్లి ఏడ్చి చెప్పింది, ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ పెట్టి మరీ చెప్పారు. అదే మాట ఇంకొకరు చెప్పడానికి నెలజీతం ఇవ్వనక్కర్లేదు. ఈ పనికి శిక్షణ అంటే కొత్త విద్య నేర్చుకోవడం సగం, చిన్నప్పటి నుంచి ఒంటపట్టిన బుద్ధులు చెప్పే అలవాటును వదిలించుకోవడం సగం. ఆ రెండో సగం క్లాసురూములో పూర్తికాదు. మన దగ్గర శిక్షణ అంతా క్లాసురూము దగ్గరే ఆగిపోతోంది.

ఈ ఉద్యోగులు ఎంతమంది కావాలో ఊహించడానికి ఒక్క నివేదిక చాలు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారని అందులో తేలింది. అందులో సుమారు 5.7 కోట్ల మందికి తాగుడు సమస్యగా మారింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒక్కరు. సైకియాట్రిస్టుల సంఖ్యను రేపే రెట్టింపు చేసినా ఈ గొయ్యి పూడదు. డిగ్రీ చదివి, కొంత శిక్షణ తీసుకుని, సెంటర్‌లో రోజంతా ఉండే మనుషులే ఈ పనిలో ఎక్కువ భాగం చేయాలి. ఇప్పటికీ చేస్తున్నది వాళ్లే.

తెలుగు నేల మీద మద్యం గురించి చర్చ ఎప్పుడూ దుకాణం చుట్టూనే తిరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించారు. ఆ తర్వాత కూడా బెల్టుషాపులు, లైసెన్సులు, బ్రాండ్లు, రేట్లు అంటూ మాటలు నడుస్తూనే ఉన్నాయి. తాగుడు మానాలనుకునే మనిషి పక్కన ఎవరు కూర్చోవాలి, వాళ్లకు ఏం నేర్పాలి అన్న సంగతి మాత్రం ఎవరికీ ఓట్లు తెచ్చే ప్రశ్న కాలేదు.

కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలను ఐఆర్‌సీఏలు అంటారు. పదిహేను పడకల సెంటర్ అయితే డాక్టర్ సాధారణంగా పార్ట్ టైమే. వస్తారు, చూస్తారు, మందులు రాస్తారు, వెళ్తారు. నర్సు, వార్డుబాయ్, వంటమనిషి ఉంటారు. ఆ పదిహేను మందితో పొద్దుటి గ్రూప్ సెషన్ నుంచి సాయంత్రం ఫైళ్లు రాసేదాకా కూర్చునేది కౌన్సెలర్. మధ్యలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి, చూడటానికి వచ్చిన ఇంటివాళ్లతో మాట్లాడాలి, గత నెల డిశ్చార్జ్ అయినవాళ్లకు ఫోన్లు చేయాలి. పేషంటుతో ఎక్కువ గంటలు గడిపే మనిషికే అందరికన్నా తక్కువ చదువు చెప్పి పంపడం ఈ వ్యవస్థలో విచిత్రం.

శిక్షణ అసలే లేదని అనలేం. ఢిల్లీ ద్వారకలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ, అంటే ఎన్ఐఎస్‌డీ, ఈ సెంటర్ల సిబ్బందికి కోర్సులు నడుపుతుంది. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, జనం టీటీకే ఆస్పత్రి అని పిలిచేది, దశాబ్దాలుగా కౌన్సెలర్లను తయారుచేస్తోంది. ఆ కృషికే ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది, జిల్లాల నుంచి వచ్చిన కేసులను వీడియోలో చర్చిస్తుంది. కొలంబో ప్లాన్ అనే దేశాల కూటమి తయారుచేసిన అంతర్జాతీయ పాఠ్యక్రమం ఒకటుంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల నుంచి సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఈ రంగంలోకి వస్తూనే ఉన్నారు. పాఠాలకు కొరత లేదు. ఆ పాఠాలు సెంటర్ గదిలోకి వచ్చేసరికి ఏమవుతాయన్నదే చూడాలి.

మొదటి ప్రశ్న దగ్గరే చూద్దాం. "రోజుకి ఎంత తాగుతారు?"

"ఎంతో కాదు సార్. క్వార్టరే."

కొత్త కౌన్సెలర్ ఫైల్లో "మితంగా" అని రాసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, మొత్తం 40 మార్కులు. 8 లేక అంతకన్నా ఎక్కువ వస్తే జాగ్రత్తపడాలి, 20 లేక అంతకన్నా ఎక్కువ వస్తే బానిసయ్యాడేమో అని చూడాలి. అందులో కొలత "డ్రింక్", ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన దగ్గర ఎవరూ డ్రింకుల్లో తాగరు. నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్లు. 180 ఎం.ఎల్. క్వార్టర్‌లో 42.8 శాతం లెక్కన చూస్తే ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. అంటే ఆరు డ్రింకులు. ఆడిట్‌లో మూడో ప్రశ్న సరిగ్గా ఇదే అడుగుతుంది: ఒకే సిటింగ్‌లో ఆరు లేక అంతకన్నా ఎక్కువ డ్రింకులు ఎన్నిసార్లు తీసుకుంటారు? "క్వార్టరే" అన్న మనిషి జవాబు "రోజూ". ఇంటివాళ్లు కూడా మామూలే అనుకునే ఆ క్వార్టర్ దగ్గరే భారీ తాగుడుకు గీత పడుతుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి మూడున్నర నుంచి నాలుగు డ్రింకులు. నాటుసారాకు, గుడుంబాకు లేబుల్ ఉండదు, గ్లాసు సైజు అడిగి అంచనా వేయాలి. ఇంగ్లిష్ ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టి చదివించే శిక్షణలో ఈ లెక్క రాదు. బోర్డు మీద క్వార్టర్ సీసా బొమ్మ గీసి నేర్పితే పది నిమిషాల్లో వస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఎప్పుడు మాట్లాడకూడదో తెలియడం. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చలించి, లేనివి కనిపించి, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు అనిపిస్తుంది. ఈ స్థితిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చూసుకోకపోతే ప్రాణం పోతుంది. ఇంటివాళ్లు గాలి సోకిందంటారు. కొత్త కౌన్సెలర్ "సహకరించడం లేదు" అని రాస్తాడు. ఇద్దరిదీ ఒకే తప్పు. అతనికి అప్పుడు కావాల్సింది డాక్టర్, మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్. కౌన్సెలింగ్ నాలుగైదు రోజుల తర్వాతి మాట.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. కల్లు కాంపౌండ్లలో దొరికే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి కలుపుతారు. తాగేవాళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, కూలీలు చాలామంది. తాము తాగేది కల్లే అనుకుంటారు, శరీరం అలవాటుపడింది మత్తుమాత్రలకు. 2015లో నిజామాబాద్ వైపు ఈ కల్తీ మీద దాడులు పెరిగి మత్తు తగ్గిపోయినప్పుడు జనం వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు, కాంపౌండ్లు ఒకేసారి మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి అదే బాధతో బారులు తీరారు. చండీగఢ్‌లోనో ఢిల్లీలోనో రాసిన పుస్తకంలో నల్లమందు, హెరాయిన్ గురించి ఎన్నో పేజీలుంటాయి. నిజామాబాద్ సెంటర్‌లో చేరే కౌన్సెలర్‌కు ముందు కల్లు గురించి తెలియాలి. "అమ్మా, కల్లు ఎన్ని సీసాలు? ఏ కాంపౌండ్‌లో? ఆపితే నిద్ర పడుతుందా?" అని అడగడం తెలియాలి.

ఇక అసలు విద్య, వినడం. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో ఒక వ్యాసంలో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని ప్రతిపాదించాడు. తాగే మనిషి మనసులో మానాలనే కోరిక, మానలేననే భయం రెండూ కలిసే ఉంటాయి. కక్కలేక మింగలేక ఉన్న స్థితి అది. ఎదుటివాడు "మానాలి" అనే వైపు లాగితే, అతను తెలియకుండానే రెండో వైపు వాదిస్తాడు, తన వాదన తానే విని ఇంకా గట్టిపడతాడు. కాబట్టి మానడానికి కారణాలు అతని నోటి నుంచే రావాలి. సూత్రం ఇంతే. పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. చేతల్లో ఎలా ఉంటుందో శిక్షణలో వాడే రోల్‌ప్లే లాంటిది ఒకటి చూస్తే తెలుస్తుంది.

పేషంటు వేషం వేసిన మనిషి అంటాడు: "నా కష్టార్జితం, నా ఇష్టం సార్. నేను తాగితే మా ఆవిడకెందుకు నొప్పి?"

మొదటి ట్రైనీ: "అలా కాదండీ, పిల్లల భవిష్యత్తు ఒకసారి ఆలోచించండి." పేషంటు తలొంచుకుని "సరే సార్" అంటాడు. ఆ "సరే సార్" వినిపించిందంటే సెషన్ అయిపోయినట్టే, గడియారం ఇంకా నలభై నిమిషాలు చూపించినా.

రెండో ట్రైనీ: "నెలకి తాగుడికి ఎంత ఖర్చవుతోంది?" ఇది విచారణ. జవాబు వస్తుంది, సగానికి సగం తగ్గించి.

మూడో ట్రైనీ కాసేపు ఆగి అంటుంది: "సంపాదించేది మీరు. ఇంటికొస్తే దోషిలా నిలబడాల్సి వస్తోంది."

పేషంటు వెంటనే మాట్లాడడు. తర్వాత: "దోషి అని కాదు మేడం. పెద్దమ్మాయి ముందు అడుగుతుంది. ఆ పిల్ల నా వైపు చూస్తుంది చూడండి, అది తట్టుకోలేను."

మొదటి ట్రైనీ చెప్పింది పిల్లల గురించే, ఇక్కడ వచ్చిందీ పిల్ల గురించే. అక్కడ అది ఉపన్యాసం, ఇక్కడ అది అతని సొంత మాట. తేడా తెచ్చింది ఒక్క వాక్యం, దాని ముందున్న ఆ కాస్త మౌనం. తెలుగు ట్రైనీలకు వాక్యం కన్నా మౌనం కష్టం. మన ఇళ్లలో ఎదుటివాడు మాట ఆపితే వెంటనే అందుకోవడం మర్యాద. అయిదు సెకన్లు ఊరుకోవడం నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. ఎవరో ఒకరు పక్కన కూర్చుని "ఇక్కడ తొందరపడ్డావు" అని చూపించకపోతే ఎప్పటికీ రాదు.

పక్కన కూర్చునే మనిషి వల్ల తేడా వస్తుందని నిరూపించిందీ మిల్లరే. 2004లో ఆయన బృందం 140 మంది లైసెన్సున్న చికిత్సకుల మీద చేసిన ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. పుస్తకం, వీడియోలు ఇచ్చి చదువుకోమన్నవాళ్లలో పెద్ద మార్పు రాలేదు. రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చినవాళ్లు మొదట మెరుగుపడ్డారు, నెలలు గడిచేకొద్దీ జారిపోయారు. వర్క్‌షాప్ తర్వాత తమ సెషన్ల టేపులు ఎవరో విని లోపాలు చెప్పినవాళ్లు, ఫోన్‌లో కోచింగ్ అందుకున్నవాళ్లు మాత్రం నిలబెట్టుకున్నారు. వీళ్లంతా అనుభవం ఉన్న నిపుణులు. కొత్తగా చేరినవాళ్ల విషయంలో ఇది ఇంకెంత నిజమో చెప్పక్కర్లేదు.

అయినా మన దగ్గర శిక్షణ అంటే ఇప్పటికీ హోటల్ హాల్లో రెండు రోజులు, బ్యానర్, జ్యోతి ప్రజ్వలన, పవర్‌పాయింట్, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. గ్రాంటు రిపోర్టులో "శిక్షణ పొందినవారు: ఇంతమంది" అని ఒక అంకె. ఆ అంకెకు వెనక ఎవరి సెషన్ ఎవరు విన్నారో రాసే కాలమ్ ఆ ఫారంలో ఉండదు.

దీనికి విరుగుడు ఎక్కడో అమెరికాలో వెతకనక్కర్లేదు, గోవాలో దొరికింది. సంగత్ అనే సంస్థ, సైకియాట్రిస్ట్ విక్రమ్ పటేల్, ఇతర పరిశోధకులతో కలిసి, మానసిక ఆరోగ్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులను కౌన్సెలర్లుగా తయారుచేసి పరీక్షించింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, హాని కలిగేంతగా తాగే 377 మంది మగవాళ్లు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు ఈ కౌన్సెలర్లు గరిష్ఠంగా నాలుగు సెషన్లు ఇచ్చారు. మూడు నెలల తర్వాత సమస్య తగ్గినవాళ్లు కౌన్సెలింగ్ వైపు 36 శాతం, మిగతా వైపు 26 శాతం. అంతకుముందు రెండు వారాలూ చుక్క ముట్టనివాళ్లు 42, 18 శాతం. తీవ్రంగా బానిసైనవాళ్లను ఈ ప్రయోగంలోకి తీసుకోలేదు, ఆ పరిమితి గుర్తుంచుకోవాలి. వాళ్లకు డాక్టర్, డీటాక్స్ (ఒంట్లోంచి మత్తును జాగ్రత్తగా దించే వైద్యం) తప్పవు.

ఈ అంకెల కన్నా ఆసక్తికరమైనది ఆ కౌన్సెలర్లను తయారుచేసిన తీరు. క్లాసురూము శిక్షణ రెండు మూడు వారాలే. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు అసలు పేషంట్లతో ఇంటర్న్‌షిప్. ప్రతి సెషన్ పేషంటు అనుమతితో రికార్డు చేస్తారు. వారానికోసారి అందరూ కూర్చుని ఎవరో ఒకరి టేపు వింటారు, మార్కులు వేస్తారు. "ఇక్కడ నువ్వు సలహా ఇచ్చేశావు, ఆయన అప్పుడే మాటలు ఆపేశాడు" అని తోటివాళ్లే చెబుతారు. మొదట నిపుణులు కూర్చునేవారు, క్రమంగా కౌన్సెలర్లే ఒకరినొకరు చూసుకునే స్థాయికి వచ్చారు. తోటివాళ్లు వేసిన మార్కులు నిపుణులు వేసిన మార్కులకు చాలావరకు దగ్గరగానే ఉన్నాయని అదే గోవాలో విడిగా చేసిన అధ్యయనం చూపింది. క్లాసురూముకూ పేషంటుకూ పెట్టిన కాలంలో ఈ నిష్పత్తిని చూస్తే, మన శిక్షణ తలకిందులుగా ఉందని అర్థమవుతుంది.

అమెరికా నిష్పత్తి కూడా అలాంటిదే. టెక్సాస్‌లో కెమికల్ డిపెండెన్సీ కౌన్సెలర్ లైసెన్సుకు 270 గంటల పాఠాలు, 300 గంటల ప్రాక్టికమ్ (చదువులో భాగంగా చేసే పని), ఆ పైన 4,000 గంటలు పర్యవేక్షణ కింద పని. పాఠాలకు దాదాపు పదిహేను రెట్లు పని. డాలస్‌లో, హ్యూస్టన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో డిగ్రీ ఉన్నా ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నవాళ్లకు ఇదొక దారి. తెలుగు మాట్లాడే కౌన్సెలర్ కోసం వెతికే కుటుంబాలు అక్కడా ఉన్నాయి.

ఈ వృత్తి పేర్లు ఎవరు పెట్టుకోవచ్చో చెప్పే చట్టం సంగతికొస్తే, క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకోవడానికి అలాంటి అడ్డేమీ ఇన్నాళ్లూ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం మొదటిసారి బిహేవియరల్ హెల్త్ అనే విభాగం కింద సమీకృత కౌన్సెలర్లను, మెంటల్ హెల్త్ సపోర్ట్ వర్కర్లను, సోషల్ వర్కర్లను లెక్కలోకి తెచ్చింది. ప్రొఫెషనల్ స్థాయికి కనీసం 3,600 గంటల చదువు అంటోంది. మంచిదే. ఆ గంటల్లో ఎన్ని పేషంటు ముందు గడవాలి, ఆ పేషంటు గదిలో ఇంకెవరు ఉండాలి అన్నదాన్ని బట్టి దాని విలువ తేలుతుంది.

చట్టంలో కొత్తవాళ్లకు మొదటి వారమే చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే చేరినవాళ్లకు గొలుసులు వేయకూడదు, బలవంతంగా గుండు గీయకూడదు, ఊరికే పనులు చేయించకూడదు, వాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలి. చికిత్స పేరుతో కొట్టి, బంధించి నడిపే ప్రైవేటు ఇళ్ల గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఇది చికిత్స కాదని గుర్తించే జ్ఞానం కావాలి. మేనేజర్ "ఇదంతా మామూలే" అంటే ఒప్పుకోని ధైర్యం కూడా కావాలి. ధైర్యం సిలబస్‌లో పెట్టలేం గానీ సెక్షన్లు చదివించవచ్చు.

చూడటానికి వచ్చిన ఇల్లాలు చాటుగా అడిగే ప్రశ్నకూ సిద్ధంగా ఉండాలి: "ఆయనకి తెలీకుండా అన్నంలో కలిపే మందు ఉందటగా బాబూ?" గోడల మీద, కరెంటు స్తంభాల మీద అంటించిన కాగితాలు చూసి అడిగే ప్రశ్న అది. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణాపాయం కూడా రావచ్చు. డాక్టర్ రాసి, మనిషికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాలి. ఆమెను తిట్టకుండా, భయపెట్టకుండా ఈ మాట చెప్పడం కూడా కౌన్సెలింగే. ఆమె ఆ ప్రశ్న అడిగేలోపు ఇంకెన్ని చేసి ఉంటుందో అడిగితే సెషన్ ఆమెది అవుతుంది. అది అవసరమే.

ఫైళ్ల దగ్గర తెలుగుకే ప్రత్యేకమైన ఒక చిక్కు. ఫాలోఅప్ రిజిస్టర్‌లో "మందు మానేశాడు" అని రాస్తే ఏం అర్థం చేసుకోవాలి? తాగుడు ఆపాడనా, డాక్టర్ రాసిన మాత్రలు ఆపాడనా? రెండో కౌన్సెలర్ డ్యూటీలోకి వచ్చి మొదటి అర్థం తీసుకుని అభినందించడానికి ఫోన్ చేస్తే కథ అడ్డం తిరుగుతుంది. "తాగుడు", "మాత్రలు" అని విడివిడిగా రాయాలి. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండని నియమం ఇది.

తాగుడు మానినవాళ్లను పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957 నుంచే మన దేశంలో నడుస్తోంది. "నేనూ అక్కడి నుంచే వచ్చాను" అనే మాటకున్న బలం ఎమ్మెస్‌డబ్ల్యూ పట్టాకు ఉండదు. ఆ మాటతోనే చిక్కూ ఉంది. తన కథ తన నోటికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి పేషంటు కథకు చోటు మిగలదు. సొంత డబ్బు అప్పివ్వడం, రాత్రి పదకొండుకు ఫోన్ ఎత్తి తెల్లారేదాకా మాట్లాడటం, తనకే మళ్లీ తాగాలనిపిస్తే ఎవరికీ చెప్పలేకపోవడం, ఇవన్నీ పర్యవేక్షణ లేనిచోట జరుగుతాయి. జీతాలు తక్కువ, గ్రాంటు విడుదలయ్యేదాకా ఆ జీతమూ రాదు. ఏడాది రెండేళ్లలో మంచి కౌన్సెలర్ స్కూల్ ఉద్యోగానికో హెచ్‌ఆర్‌కో వెళ్లిపోతాడు. నేర్చుకున్నది అతనితోనే పోతుంది, సెంటర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

డిశ్చార్జ్ అయిన మనిషికి అసలు పరీక్ష సెంటర్ బయట. జీతాల రోజు, బావమరిది పెళ్లి, బోనాలు, సంక్రాంతి కోడిపందేలు, చివరికి చావింట దినాలు కూడా. "ఒక్క చుక్క ముట్టుకోకపోతే పోయినాయనకు అవమానం" అనే పెద్దాయన ముందు ఏమనాలో ముందే అనుకుని, పైకి అని, సాధన చేసి పంపాలి. "డాక్టర్ మాత్రలు వేసుకుంటున్నా పెదనాన్నా, కలిస్తే పడిపోతా" అనేది ఒక జవాబు. ఇంకో ఊళ్లో ఇంకోటి పనిచేస్తుంది. ఇలాంటి జవాబుల జాబితా ఏ సంస్థా రాసి పెట్టలేదు. కౌన్సెలర్లు ఒకరికొకరు చెప్పుకుంటేనే పోగవుతుంది.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే వేయవచ్చు. ఒక జిల్లాలోనో పక్కపక్క జిల్లాల్లోనో ఉన్న సెంటర్ల నుంచి ఆరుగురు కౌన్సెలర్లు. వారానికి ఒక గంట, ఫోన్‌లోనే వీడియో కాల్. పేషంటు రాతపూర్వక అనుమతితో, పేరు తీసేసి, ఒక్క సెషన్ రికార్డింగ్. ఇరవై నిమిషాలు వినడం, నలభై నిమిషాలు మాట్లాడుకోవడం. నెలకోసారి ఎర్రగడ్డ నుంచో విశాఖ మానసిక ఆస్పత్రి నుంచో ఒక సీనియర్ కూర్చుంటే చాలు. హోటల్ హాలు, బ్యానర్, భోజనాల ఖర్చుతో ఇలాంటి గుంపు ఏడాది పాటు నడుస్తుంది. ఉద్యోగంలో చేరబోయే కుర్రాడు ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగాక ఇంకొకటి కూడా అడగవచ్చు: "నా సెషన్లు ఎవరు వింటారు సార్, ఏ రోజు?"